ఏడుపు పోయిన తగరం

నేను ఒక తగరం కడ్డీని. మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా పొడవు, రెండు వేళ్ళ వెడల్పు, వెండికి దూరపు చుట్టంలా కనిపించే తెలుపు. నా కథ చెప్పేముందు ఒక మనిషి పేరు చెప్పాలి. కొప్పిశెట్టి వీర్రాజు. భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో చలిగదికి ఇన్‌ఛార్జి. ఈ పెద్దమనిషి నన్ను పదకొండు నెలలు రొయ్యల పెట్టెల మధ్య పడుకోబెట్టి, బూడిద చేసి, చివరికి ఆ బూడిద కావడం కూడా నా తప్పేనన్నాడు. నన్నని ఊరుకున్నా సరిపోయేది. చచ్చిపోయి పాతికేళ్ళయిన ఇమాం సాహెబుని కూడా కల్తీగాడి కింద జమకట్టాడు. ఇంత చేసీ తాను ఉపకారమే చేశానని ఇవాళ్టికీ చెప్పుకుంటున్నాడు. అలాంటివాడితో వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది మలాయాలో, ఒక ఏటి ఇసుకలో. నల్లటి గులకరాయిలా ఉండేదాన్ని. నన్ను కడిగి, బొగ్గుతో కలిపి కాల్చి, కరిగించి, అచ్చులో పోసి, నుదుటి మీద ఏనుగు బొమ్మ ముద్ర కొట్టారు. ఓడలో కాకినాడ రేవుకి వచ్చాను. అక్కడ ఇనప సామాన్ల కొట్టులో, మేకుల డబ్బాలకీ గొలుసులకీ మధ్య రెండేళ్ళు పడి ఉన్నాక, ఇమాం సాహెబు వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. తూకం వేయించాడు. రెండు కిలోల నలభై గ్రాములు. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో దానితో పనుంది.

ఇమాం సాహెబుది కళాయి పని. మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు, చెబుతాను. ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది, అది కడుపుకి మంచిది కాదు. అందుకని గిన్నెని నిప్పుల మీద ఎర్రగా కాకముందే ఆపి, నవాసారం పొడి చల్లి, తగరం పుల్లతో లోపల రుద్ది, గుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తారు. గిన్నె లోపల పున్నమి వచ్చినట్టు తెల్లబడుతుంది. ఆ తెలుపు నా జాతిదే. అయితే ఈ పనిలో ఒక దొంగ దారి ఉంది. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ కలిపి పూస్తే పైకి అంతే తెల్లగా ఉంటుంది, తిన్నవాళ్ళకి మాత్రం విషం. కంటితో కనిపెట్టడం ఎవరి తరం కాదు.

చెవితో కనిపెట్టొచ్చు. నన్ను మోకాలి మీద పెట్టి రెండు చేతులా వంచితే నా లోపల్నుంచి చిటపటమని సన్నటి ఏడుపు వస్తుంది, ఎండుటాకుల మీద చీమలదండు నడిచినట్టు. స్వచ్ఛమైన తగరానికే ఆ గొంతు ఉంటుంది. సీసం కలిసిందా, గొంతు పూడిపోతుంది. ఇమాం సాహెబు ఏ ఇంటికి పనికి వెళ్ళినా ముందు ఆ ఇల్లాలిని పిలిచి, ఆమె చెవి దగ్గర నన్ను వంచేవాడు. "విన్నారా అమ్మా? పూసే పుల్లలూ ఇదే సరుకు. సన్నవి కాబట్టి వాటి ఏడుపు మీకు వినబడదు, దీనిది వినబడుద్ది," అనేవాడు. తర్వాత నన్ను తిన్నగా చేసి, గోనెగుడ్డలో చుట్టి పక్కన పెట్టేవాడు. నన్నెప్పుడూ కరిగించలేదు. నేను సాక్షిని. నా పని ఏడవడం, అంతే. నలభై ఏళ్ళు మూడు తాలూకాల ఆడవాళ్ళ చెవుల్లో ఏడ్చాను. ఒకడి నిజాయితీ నమ్మడానికి ఇంకొకర్ని మోకాలి మీద పెట్టి విరవడం ఏమిటని ఒక్కరూ అడగలేదు.

ఇమాం సాహెబు పోయేముందు నన్ను కొడుకు మౌలాలి ఒళ్ళో పెట్టాడు. "ఇది ఏడుస్తున్నంతకాలం మనం తలెత్తుకుని తిరుగుతాం," అన్నాడు. మౌలాలి ఐదో తరగతిలో బడి మానేసి తండ్రి వెనకాల తిత్తి ఊదినవాడు. తండ్రి మాటని తండ్రికంటే గట్టిగా పట్టుకున్నాడు. వాళ్ళింటి గోడ మీద ఏ పటమూ లేదు. నేనున్న గోనె మూట ఒక్కటే మేకుకి వేలాడేది.

ఆ తర్వాత స్టీలు వచ్చింది, నాన్‌స్టిక్కు వచ్చింది. కళాయి అన్న కేక వింటే కుక్కలు తప్ప ఎవరూ బయటికి రావడం మానేశారు. మౌలాలి భార్య ఖాసింబీ రొయ్యలు ఒలిచే పనికి ఫ్యాక్టరీకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ సమయంలోనే ఒక తుపాను వాళ్ళ ఇంటి రేకులు ఎగరగొట్టుకుపోయింది. అద్దెకి దొరికిన గది నాలుగు కుటుంబాల ఉమ్మడి వరండాలో ఉంది. అక్కడ ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి ఉండదు. నన్నెక్కడ దాచాలా అని మౌలాలి బెంగపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు దిగబడ్డాడు వీర్రాజు.

వీర్రాజూ మౌలాలీ ఒకే బల్ల మీద ఐదో తరగతి దాకా కూర్చున్నవాళ్ళు. వీర్రాజు తర్వాత కూడా చదివాడు, అదే వచ్చిన చిక్కు. ఇరవై రెండేళ్ళుగా చలిగదిలో పనిచేసి పనిచేసి అతనికి ఒకే ఒక్క నమ్మకం మిగిలింది. చలిలో ఏదీ పాడవదు. రొయ్య రెండేళ్ళున్నా రొయ్యేనట. ఆ గది మూల ఒక అరలో అతని సొంత సామాను ఉండేది. ఇంటి దస్తావేజులు ప్లాస్టిక్ కవర్లో, పెళ్ళినాటి పట్టు చొక్కా, కూతురి జాతకం, అత్తగారు పోయేముందు పెట్టిన ఆవకాయ. ఆ ఆవకాయని ఎవరికీ పెట్టడు, తాను తినడు. పాడవకుండా ఉందని నెలకోసారి చూసుకుంటాడు.

"నా గదిలో పెట్టరా. మైనస్ ఇరవై. దొంగ వచ్చినా పది నిమిషాలు నిలబడలేడు," అన్నాడు.

"చలికి ఏమైనా అవుద్దేమోరా," అన్నాడు మౌలాలి.

"రొయ్య మీసమే ఊడదు. లోహానికి ఏమవుద్ది?"

మౌలాలి ఒప్పుకున్నాడు. నాకు గొంతు ఉంది గానీ మాట లేదు. ఉంటే అక్కడే అరిచేదాన్ని.

ఇక్కడ నా జాతి గుట్టు చెప్పాలి. మాకు రెండు రూపాలు. మీ ఊళ్ళ ఎండలో నేను తెల్లగా, మెత్తగా, వంగే కడ్డీలా ఉంటాను. నా లోపలి అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని, ఇరుగ్గా, సంత రోజు బస్సులో మనుషుల్లా సర్దుకుని ఉంటాయి. పదమూడు డిగ్రీల కిందికి పోతే వాటికి ఆ ఇరుకు నచ్చదు. ఎడంగా జరిగి వేరే వరసలో కూర్చోవాలని చూస్తాయి. వెంటనే కాదు, తాత్సారం చేస్తాయి. కానీ ఒక చోట మొదలైందంటే పక్కవాటిని చూసి పక్కవి, అలా పాకుతుంది. అప్పుడు నేను బూడిదరంగులోకి మారతాను, ఉబ్బుతాను, పొడి అవుతాను. నాలోంచి ఏదీ పోదు, నాలోకి ఏదీ రాదు. కూర్చునే తీరు మారుతుంది, అంతే. కానీ ఆ తీరులో ఏడుపు ఉండదు.

మొదటి నాలుగు నెలలు ఓర్చుకున్నాను. పక్కన ఆవకాయ ఉంది, దానితో సమానంగా బిగుసుకుని పడున్నాను. వేసవిలో ఏదో పెద్ద ఆర్డరు వచ్చి గదిలో అరలు చాలలేదు. వీర్రాజు తన సామానంతా తీసి రొయ్యల్ని మొదట గడ్డకట్టించే గదిలోకి మార్చాడు. అక్కడ మైనస్ నలభై. ఫ్యాను గాలి సూదుల్లా కొడుతుంది. "ఇక్కడింకా భద్రం," అని గోనెమూటని తట్టాడు కూడా. ఆ తట్టిన చోటే, ఏనుగు ముందుకాలి దగ్గర, ఒక బూడిదరంగు పొక్కు లేచింది. నెలన్నర తర్వాత మళ్ళీ పాత గదికి తెచ్చాడు గానీ, మొదలైంది ఆగుతుందా? పొక్కు పక్కన పొక్కు. ముందు ఏనుగు కాళ్ళు పోయాయి, తర్వాత పొట్ట, చివరికి తొండం. వర్షాలు తగ్గేనాటికి గోనెగుడ్డలో నేను లేను. నా పొడి ఉంది.

సరిగ్గా ఆ నెలలోనే, ఎన్నో ఏళ్ళకి, మౌలాలి గుమ్మంలోకి పని వచ్చిందని తర్వాత విన్నాను. పసల చిట్టెయ్య అని పెళ్ళిళ్ళకి వంటలు చేయించే మేస్త్రి. ఇప్పుడు డబ్బున్నవాళ్ళకి ఇత్తడి గుండిగల్లో వండిన భోజనం మీద మోజు పుట్టిందట. చిట్టెయ్య పాత ఇత్తడంతా అటకల మీంచి దింపించాడు. నలభై గుండిగలు. అన్నిటికీ కార్తీకంలోగా కళాయి కావాలి. ఆ పని చేస్తే మౌలాలికి మళ్ళీ రేకులు పడతాయి, ఖాసింబీ చేతివేళ్ళకి ఐసునీళ్ళ పుళ్ళు మానతాయి. చిట్టెయ్య ఒకటే అడిగాడు. "మీ నాన్న కడ్డీ ఏడుపు మా అమ్మ వింటే గానీ గిన్నె ముట్టనిచ్చేది కాదు. నేనూ వినాలి. ఆదివారం వస్తాను."

మౌలాలి శనివారం వీర్రాజుకి కబురుపెట్టాడు. వీర్రాజు మూట విప్పాడు. విప్పి, నన్ను గుప్పెట్లోకి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ నమ్మకం చేతిలో పొడిగా రాలుతుంటే ఎవడికైనా కష్టమే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ తర్వాత చేసింది ఒప్పుకోను. గుడ్డ అంచులకి అంటుకున్నదీ, అరలో చిందినదీ బూజు అనుకుని, గుడ్డనీ అర పలకనీ బయట కడిగే చోటికి తెచ్చి గొట్టంతో నీళ్ళు కొట్టి కాలవలోకి పంపేశాడు. నాలో ఇంచుమించు నాలుగోవంతు అలా రొయ్యల తలకాయలతో కలిసి కొట్టుకుపోయింది. మిగిలినదాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, తెల్లారి మౌలాలి వరండాకి తెచ్చాడు. చిట్టెయ్య అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

మౌలాలి డబ్బాలోకి చూసి, "నా కడ్డీ ఏదిరా?" అన్నాడు.

"అదేరా. ముట్టుకుంటే ఒట్టు. నా గదిలో మంచి సరుకేదీ పాడవదు. నువ్విచ్చినదాంట్లోనే ఏదో కలిసుంది," అన్నాడు వీర్రాజు. అనేటప్పుడు మౌలాలి వైపు చూడలేదు, చిట్టెయ్య వైపు చూశాడు.

చిట్టెయ్య ఒక చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. పొయ్యిలో బూడిదకీ దానికీ తేడా కనబడలేదతనికి. "మా అమ్మ చెవిలో ఏడిపించింది దీన్నేనా మౌలాలీ?"

"నేనేం కలపలేదండి. నాన్న ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచాను."

ఆ మాట తానేమంటున్నాడో తెలియకుండానే అన్నాడు. అన్నాక తెలిసింది. కొడుకు కలపకపోతే కలిపింది ఎవరు? చిట్టెయ్య చిటికెడు పొడినీ డబ్బాలో రాల్చేశాడు. వేళ్ళు తువ్వాలుకి తుడుచుకుని లేచాడు. వెళుతూ వెళుతూ, పాలకొల్లులో ఎవరో మెషీను మీద కళాయి వేస్తున్నారట, అడిగి చూస్తానన్నాడు. వీర్రాజు అతని వెనకే వెళ్ళిపోయాడు, బండి మీద దింపుతానని.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఉన్నంత ఒళ్ళు. నలభై ఏళ్ళు ఏడ్చాను, ముప్పై ఏళ్ళు ఈ మౌలాలి చెవి పక్కనే ఏడ్చాను. ఆ ఏడుపు నిజమని వాడికి తెలుసు. అయినా ఒక్క డబ్బా పొడి చూసి వాడేమనుకున్నాడో తెలుసా? మూడు రోజులు అన్నం సరిగ్గా తినకుండా కూర్చుని, నాలుగో రోజు ఖాసింబీతో అన్నాడు. "నాన్నే చేశాడేమో. మనం తిరిగిన ఊళ్ళన్నిటికీ సీసమే తినిపించామేమో."

ఖాసింబీ లేచింది. డబ్బాలోంచి ఒక గుప్పెడు తీసి తన టిఫిన్ బాక్సులో పోసుకుని డ్యూటీకి వెళ్ళింది. ఆ ఫ్యాక్టరీలో రొయ్యల్లో మందులేమైనా ఉన్నాయేమో పరీక్ష చేసే ల్యాబు ఉంది. అందులో ప్రమీల అనే అమ్మాయి పనిచేస్తుంది. ఖాసింబీ మధ్యాహ్నం భోజనం మానేసి ఆ అమ్మాయి బల్ల ముందు టిఫిన్ బాక్సు తెరిచింది. గుప్పెడు నేను అందులో ఉన్నాను కాబట్టి జరిగిందంతా విన్నాను.

ప్రమీల ముందు ముక్కు చిట్లించింది. తగరమని చెప్పగానే, ఎక్కడ ఉంచారని అడిగింది. చలిగది అనగానే కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. ఎగతాళిగా కాదు, ఏళ్ళ క్రితం పుస్తకంలో చదివి వదిలేసింది బల్ల మీదికి నడిచొచ్చినందుకు. ఒకే సరుకు లోపల రెండు మూడు రకాలుగా కూర్చోగలదని చెప్పింది. మీ పొయ్యిలో బొగ్గూ, షాపులో వజ్రమూ ఒకే సరుకు, అగ్గిపెట్టె పక్కన రుద్దే ఎర్రమందూ, గాలి తగిలితే చాలు భగ్గుమనే తెల్లమందూ ఒకే సరుకు, ఇదీ అలాగే అంది. బొగ్గు సంగతి విని నేను తెల్లబోయాను. నలభై ఏళ్ళు పొయ్యి పక్కన దానితో కాపురం చేశాను, అది ఏనాడూ గొప్ప చెప్పుకోలేదు. దాని చుట్టాన్ని మనుషులు వేళ్ళకి పెట్టుకుంటారు, దాన్ని మాత్రం పొయ్యిలో తోస్తారు. కూర్చునే తీరుకి ఇంత తేడా.

"కల్తీ ఉంటే ఇలా అవ్వదు ఆంటీ," అంది ప్రమీల. "సీసం కొంచెం కలిసినా చలికి తట్టుకుంటుంది. ఇలా పొడి అయిందంటే అచ్చమైన తగరమన్నమాట. కరిగించి పోయండి, మళ్ళీ కడ్డీ అవుద్ది."

ఇది వినండి. నేను పాడయ్యానంటే కారణం నేను స్వచ్ఛంగా ఉండడం. కల్తీదాన్నయి ఉంటే వీర్రాజు గదిలో హాయిగా, ఏనుగుతో సహా, ఆవకాయ పక్కన పడుకుని ఉండేదాన్ని. ఇంతకన్నా చికాకు ఇంకేముంటుంది?

ఖాసింబీ ఇంటికొచ్చి, గుప్పెడూ తిరిగి డబ్బాలో పోసి సంగతి చెబితే మౌలాలి నమ్మలేదు. చదువుకున్నవాళ్ళు మన మనసు కోసం ఏదో ఒకటి చెబుతారన్నాడు. పొయ్యి ముట్టించనన్నాడు. కరగకపోతే నాన్న సంగతి ఖాయమైపోతుందని వాడి భయం. ఖాసింబీ తానే వరండా చివర పొయ్యి పెట్టి బొగ్గులు పోసింది.

"మావయ్య మంచోడో కాదో పొయ్యి చెబుద్ది. మీరు చెప్పక్కర్లేదు. గరిటె పట్టుకోండి," అంది.

కరిగించేముందు మౌలాలి అలవాటుకొద్దీ తూకం వేశాడు. కిలో ఐదొందల అరవై. నాలుగొందల ఎనభై గ్రాములు తక్కువ. మౌలాలి డబ్బాతో సహా వీర్రాజు ఇంటికెళ్ళి అడిగాడు. వీర్రాజు కళ్ళు కూడా ఆర్పకుండా, "చలికి రొయ్య కూడా తూకం తగ్గుద్ది కదరా, నీరు పోయి. ఇదీ అంతే," అన్నాడు. నాలో నీరట. మౌలాలి తిరిగొచ్చి గరిటె పట్టుకున్నాడు.

పొడిగా ఉన్నప్పుడు కరగడం అంత సులువు కాదు. ప్రతి రేణువుకీ పైన ఒక పొర కట్టి, పక్కదానితో కలవనంటుంది. ఖాసింబీ తిత్తి ఊదుతోంది, మౌలాలి గరిటె కదుపుతున్నాడు. గరిటెలో బూడిద బూడిదలాగే ఉంది. మౌలాలి ముఖం చూస్తే నాకే భయం వేసింది. ప్రమీల తప్పు చదివిందేమో, నిజంగానే నేను నేను కానేమో అనిపించింది. అప్పుడు నవాసారం చల్లాడు. తెల్లటి పొగ లేచింది. పొగ విడేసరికి గరిటె అడుగున ఆవగింజంత చుక్క మెరిసింది. పక్కన ఇంకో చుక్క. రెండూ దగ్గరికి జరిగి ఒకటయ్యాయి. అంతే, ఇక ఆగలేదు. పైన తెట్టు తీసి, ఇసకలో వేలితో గీసిన గాడిలో నన్ను పోశాడు.

చల్లారాక తీశాడు. వంకర, గరుకు, ఏనుగు లేదు. మోకాలి మీద పెట్టాడు. వంచలేదు. ఖాసింబీ వాడి చేతుల మీద తన చేతులు వేసింది. ఐసునీళ్ళకి పగిలిన చేతులు. ఇద్దరూ కలిసి వంచారు.

ఏడ్చాను. జన్మలో మొదటిసారి, ఎవరి చెవి కోసమూ కాకుండా ఏడ్చాను. మౌలాలి నన్ను చెవికి ఆనించుకుని ఇంకోసారి వంచాడు, ఇంకోసారి వంచాడు. "నాన్నా," అన్నాడు. 

ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ మర్నాడు నన్ను తీసుకుని చిట్టెయ్య ఇంటికి వెళ్ళాడు. చిట్టెయ్య మర్యాదగానే కూర్చోబెట్టాడు, చెవి పెట్టి విన్నాడు. బాగా ఏడుస్తోందన్నాడు. తర్వాత నన్ను అటూ ఇటూ తిప్పి, "ఏనుగేదీ?" అన్నాడు. జరిగిందంతా మౌలాలి చెప్పాడు. తెల్ల తగరం, బూడిద తగరం, బొగ్గు, వజ్రం, ల్యాబు అమ్మాయి, అన్నీ కలగాపులగం చేసి చెప్పాడు. చిట్టెయ్య ఓపిగ్గా విని, "అంతా బాగానే ఉంది మౌలాలీ. ఇది ఆ కడ్డీయేనని నాకెవరు చెప్పాలి?" అన్నాడు. పైగా పాలకొల్లు వాళ్ళకి గుండిగలు పంపేశాడట. ఏడుపు విన్న చెవికన్నా ఏనుగు కనబడని కన్నే అతనికి ముఖ్యమైంది. రూపం మారితే మనుషులకి సరుకే మారిపోతుంది. ఇంతమంది బొగ్గుని తిట్టి వజ్రాన్ని ముద్దుపెట్టుకోవడంలో వింతేముంది?

తిరిగొస్తుంటే దారిలో వీర్రాజు ఎదురయ్యాడు. నన్ను చూసి ముఖం విప్పారింది. "చూశావా! మళ్ళీ కడ్డీ అయింది. నా గదిలో పెట్టబట్టే ఈ మాత్రమైనా దక్కింది," అన్నాడు. మళ్ళీ దాచిపెట్టమంటే దాచిపెడతానని కూడా అన్నాడు.  మౌలాలి నన్ను చంకలో ఇంకొంచెం బిగించి నడిచాడు.

ఇప్పుడు అద్దె గది గోడకి, కొత్త మేకుకి వేలాడుతున్నాను. ఎవరూ ఏడిపించడం లేదు. ఖాసింబీ పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళుతోంది, మౌలాలి ఊళ్ళు తిరిగి కేకలు వేసి వస్తున్నాడు. ఎప్పుడైనా ఒక గిన్నె దొరుకుతుంది. ఆ రోజు చిట్టెయ్య ఇంటినుంచి రాగానే మౌలాలి చేసిన పని ఒక్కటుంది. నన్ను మళ్ళీ తూకం వేశాడు. కిలో మూడొందల పది. పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క ఒకటి తీసుకుని, నాన్న కొన్ననాటి రెండు కిలోల నలభై గ్రాముల్లోంచి దీన్ని తీసేసి, నా పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాడు. అందులో కొంత తెట్టుగా పోయింది, కొంత రొయ్యల తలకాయలతో కాలవలో పోయింది. వాడికి రెండోది తెలియదు, నాకు తెలుసు. రాసిన బొగ్గు వజ్రానికి తోబుట్టువని కూడా నాకు తెలుసు. అయినా గోడ మీది అంకె మారదు.

ఏడు వందల ముప్పై గ్రాములు.